బడికి ఎగువన ఒక మట్టికట్ట

ఆనకట్టల చరిత్ర అంటే మన పిల్లలకు పాఠ్యపుస్తకంలో కనిపించేవి పెద్దవే. నాగార్జునసాగర్, శ్రీశైలం, పోలవరం. ఆ పెద్దవాటితో మనకు పుస్తకానికి బయట కూడా పరిచయం ఉంది. అందుకే ఆనకట్ట అనగానే మన మాట ముంపు వైపు పోతుంది. ఎగువన ఎవరి భూమి మునిగింది, ఎవరికి పరిహారం వచ్చింది, ఎవరికి రాలేదు అని మాట్లాడుకుంటాం. ఆ మాటలు మాట్లాడవలసినవే. అయితే కట్టకు దిగువన బతికేవాళ్ల చరిత్ర ఒకటి వేరే ఉంది. అందులో పెద్ద ప్రాజెక్టులకంటే చిన్న కట్టలే ఎక్కువగా కనిపిస్తాయి. ఎవరో సొంతానికి కట్టుకున్నవి, ఏ ఇంజనీరూ గీత గీయనివి, కట్టిన పని అయిపోయాక అందరూ మరిచిపోయినవి. అలాంటి ఒక కట్ట కథ చెప్పుకుందాం. అది మన దేశంలోది కాదు. కానీ దాని కింద ఉన్నది ఒక విద్యాసంస్థ. ఉపాధ్యాయులం కాబట్టి మనకు ఆ ఒక్క సంగతి చాలు.

అమెరికాలో జార్జియా రాష్ట్రం ఈశాన్య మూలన, కొండల అంచున టకోవా అనే చిన్న పట్టణం ఉంది. దాని పక్కన టకోవా వాగు 186 అడుగుల ఎత్తు నుంచి కిందికి దూకుతుంది. ఆ జలపాతం కింద, వాగు ఒడ్డున ఒక క్రైస్తవ బోధనా సంస్థ ఉంది, దాని పేరు టకోవా ఫాల్స్ కళాశాల. టకోవా అనే పేరు చెరోకీ భాష నుంచి వచ్చిందని చెబుతారు. ఉత్తర జార్జియా కొండలు చెరోకీ ఆదివాసులు బతికిన నేల. 1838లో సైన్యం వాళ్లను ఇళ్లలోంచి లేపి పశ్చిమానికి నడిపించింది. దారిలో వేలమంది చనిపోయారు. మనుషులను పంపేశారు, వాగుకు పేరు మాత్రం మిగిలింది. మన జిల్లాల పటాలలో కూడా ఇలాంటి వాగుల పేర్లు వెతికితే దొరుకుతాయి.

జలపాతానికి ఎగువన 1899లో కరెంటు తీయడానికి వాగుకు అడ్డంగా రాళ్లు నింపిన కట్ట ఒకటి వేశారు. తరువాత, 1930ల చివరలో, బోధనా సంస్థకు ఇంకా ఎక్కువ కరెంటు కావలసి వచ్చింది. పాత రాతికట్ట మీదనే మట్టి పోసి ఎత్తు పెంచారు. పాతదాని మీద కొత్తది, కొత్తదాని మీద ఇంకో పొర, అలా అది పెరిగింది. చివరికి సుమారు 400 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు, పైన బండి పోయేంత 20 అడుగుల వెడల్పు ఉన్న మట్టికట్ట తయారైంది. దాన్ని కెల్లీ బార్న్స్ కట్ట అంటారు. వెనక నిలిచిన చెరువు సుమారు 40 ఎకరాలు. ఎలా కట్టాలో గీసిన నక్షా గానీ, ఎలా కట్టారో రాసిన కాగితం గానీ తరువాత వెతికిన నిపుణులకు దొరకలేదు.

1957లో కరెంటు తీయడం మానేశారు. ఈ కథలో మనం ఆగి చూడవలసిన సంవత్సరం ఇదే. అప్పటిదాకా ఆ కట్టకు ఒక పని ఉంది. పని ఉంది కాబట్టి రోజూ అక్కడికి పోయే మనిషి ఉంటాడు. గొట్టంలో చెత్త అడ్డం పడితే తీస్తాడు, కట్ట మీద పగులు కనబడితే చెబుతాడు. పని ఆగిపోయాక చెరువు చూడటానికి అందంగా, చేపలు పట్టుకోవడానికి, ఈత కొట్టడానికి మిగిలింది. నీళ్లు మాత్రం తగ్గలేదు, కట్ట మీద బరువు తగ్గలేదు. దిగువ వాలు మీద చెట్లు పెరిగి పెద్దవయ్యాయి. 1973లో తీసిన ఒక ఫొటోలో, దిగువ వాలు మీద సుమారు 12 అడుగుల ఎత్తు, 30 అడుగుల వెడల్పున మట్టి జారిపోయి ఉండటం కనబడుతుంది. అంటే తెగిపోవడానికి నాలుగేళ్ల ముందే కట్ట తన సంగతి తాను చెప్పింది. ఫొటోలో అది పడింది కూడా.

1977 నవంబరు మొదటి వారంలో అక్కడ ముసురు పట్టింది. 2వ తేదీ నుంచి 5వ తేదీ వరకు కలిపి 7 అంగుళాల వర్షం కురిసింది. అందులో సగం, మూడున్నర అంగుళాలు, 5వ తేదీ సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి లోపే పడింది. 6వ తేదీ తెల్లవారుజామున, ఒంటిగంటన్నరకు, కట్ట తెగింది. ఆ చీకట్లో నీళ్లు జలపాతం మీదుగా కిందికి దిగాయి. కట్టకు కొంచెం దిగువన ప్రవాహం 24 వేల క్యూసెక్కులకు చేరిందని తరువాత లెక్కకట్టారు. వాగు ఒడ్డున పెళ్లయిన విద్యార్థులు భార్యాబిడ్డలతో ఉండే ఇళ్లు ఉన్నాయి. అవి చక్రాల మీద లాక్కొచ్చి నిలిపిన తేలికపాటి ఇళ్లు, పునాది లేనివి. అలాంటివి 18, మామూలు ఇళ్లు 9, కళాశాల భవనాలు 2 కొట్టుకుపోయాయి. 39 మంది చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు. కట్ట ఎవరిదో చనిపోయినవాళ్లు కూడా వాళ్లే, ఆ సంస్థలో చదువుకునేవాళ్లు, పనిచేసేవాళ్లు, వాళ్ల బిడ్డలు.

అప్పట్లో మన తెలుగు పత్రికలు చదివినవాళ్లకు ఈ వార్త గుర్తుండే అవకాశం తక్కువ. సరిగ్గా పదమూడు రోజులకు, నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన పడింది. వేలమంది పోయిన ఆ దుఃఖం ముందు దూరదేశంలో ముప్పై తొమ్మిది మంది మాట ఎవరికి చేరుతుంది.

ఇప్పుడు నీళ్ల లెక్క చూద్దాం. ఆ రాత్రి చెరువులో ఉన్న నీళ్లు సుమారు 630 ఎకరాల మీద అడుగు లోతున నిలబడేటన్ని. మనం వార్తల్లో వినే టీఎంసీలలో చెప్పాలంటే ఒక టీఎంసీలో ముప్పై ఐదో వంతు కూడా లేదు. సాగర్‌లో పట్టేవి మూడు వందల టీఎంసీలకు పైన. కాబట్టి ఆ చెరువును ఎవరైనా చిన్నది అంటే తప్పు పట్టలేం. కానీ ఆ చిన్న చెరువు నీళ్ల బరువు ఏడున్నర లక్షల టన్నులు దాటుతుంది. అంత బరువు ఇంటికి పైన ఎత్తులో నిలబడి ఉన్నప్పుడు చిన్నది, పెద్దది అనే మాట ఎవరు అంటున్నారో చూడాలి. ఒడ్డున తిరిగేవాడికి అది చిన్నది. కింద పడుకున్నవాడికి కాదు.

ప్రమాదం తరువాత నిపుణుల బోర్డు ఒకటి వచ్చి చూసి డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఇదొక్కటే కారణం అని వేలు పెట్టి చూపలేమంటూనే, ఎక్కువగా జరిగి ఉండేది ఏమిటో చెప్పారు. నిట్టనిలువుగా ఉన్న దిగువ వాలులో ఒకచోట మట్టి జారింది. దానికి తోడు కట్ట లోపల నీరు దారి చేసుకుంది. జారినచోట కట్ట పైభాగం తెగి, అక్కడినుంచి కోసుకుపోయి, నానిపోయి ఉన్న కట్ట మొత్తం కూలింది.

ఈ నాలుగు మాటలు మన కుంటలకు కూడా వర్తిస్తాయి కాబట్టి విడమరిచి చెప్పుకోవాలి.

మొదటిది వాలు. ఆ కట్ట దిగువ వైపు అడుగు ఎత్తుకు అడుగు దూరం, కొన్నిచోట్ల అంతకంటే నిటారుగా ఉంది. మట్టికట్టకు దిగువ వాలు అడుగు ఎత్తుకు రెండు అడుగులైనా, మట్టిని బట్టి రెండున్నరైనా ఉండాలని ఇంజనీర్లు అంటారు. దీన్ని తరగతిలో చూపించడం సులువు. పొడి ఇసుక కుప్ప పోస్తే అది తన వాలు తానే తీసుకుంటుంది. దానికంటే నిటారుగా మనం చేత్తో నిలబెట్టినా జారిపోతుంది. అదే ఇసుకను కొంచెం తడిపి నిటారుగా నిలబెట్టవచ్చు, పిల్లలు ఇళ్లు కట్టేది అలాగే. ఇంకా నీళ్లు పోస్తే మాత్రం ఒక్కసారి కూర్చుండిపోతుంది. టకోవాలో కట్ట ఇన్నేళ్లు నిలబడింది తడి ఇసుక ఇల్లు నిలబడినట్టే. ఇన్నేళ్లు నిలబడింది కదా అనేది మన ఊళ్లలో తరచూ వినే మాట. అది కట్ట గురించి చెప్పే మాట కాదు, వచ్చిన వానల గురించి చెప్పే మాట.

రెండోది ఊట. ప్రతి మట్టికట్టలోంచీ కొంత నీరు ఊరుతుంది. అసలు ఊరని మట్టికట్ట లేదు. కట్ట కింద మడమ దగ్గర చెమ్మగా ఉందనగానే భయపడనక్కర లేదు. ఆ నీళ్ల రంగు చూడాలి. తేటగా, ఎప్పుడూ వచ్చినంతే వస్తుంటే దాన్ని గమనిస్తూ ఉండాలి. మట్టిరంగులో వస్తున్నా, నిన్నటికంటే ఇవాళ ఎక్కువ వస్తున్నా కట్ట లోపలి మట్టిని నీరు మోసుకుపోతోందని అర్థం. లోపల బుంగ పడుతోంది. ఆ బుంగ దిగువనుంచి మొదలై ఎగువకు పెరుగుతూ పోయి, చెరువును తాకిన రోజున గండి అవుతుంది. అలాంటి చోట బంకమట్టి తెచ్చి నోరు మూసేయాలని చాలామంది చూస్తారు. మూస్తే నీరు పక్కన ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇసుక, దానిపైన కంకర, దానిపైన రాళ్లు వేసి నీరు పోయేలా, మట్టి పోకుండా చేయాలి. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి నీటిమట్టం కాస్త ఎత్తుగా నిలబడేలా చేసినా లోపలినుంచి వచ్చే జోరు తగ్గుతుంది. ఇదంతా ఇంజనీరు వచ్చేదాకా చేసే పని. దిగువ ఇళ్లవాళ్లను లేపి పంపడం మాత్రం అందరికంటే ముందు.

చెట్ల సంగతిలో మనవాళ్లకు కోపం రావచ్చు. చెట్టు కొట్టమని చెప్పడం మనకు నచ్చదు. కట్టకు వేర్లు పట్టు ఇస్తాయని పెద్దలు కూడా అంటారు. గడ్డి విషయంలో ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కట్టకు గడ్డిని మించిన చొక్కా లేదు. కానీ తుమ్మ, వేప లాంటి పెద్ద చెట్టు చచ్చిపోయాక దాని వేరు కుళ్లి గొట్టంలాంటి దారి మిగులుతుంది. గాలికి చెట్టు కూలితే వేళ్లతో పాటు గంపెడు గంపెడు మట్టి లేచిపోతుంది. ఎలుకలు, ఎండ్రకాయలు, పందికొక్కులు చేసిన బొరియలూ ఇలాంటివే. ఇప్పటికే పెద్దదైన చెట్టును మాత్రం ఎవరికి వారు తవ్వి పీకేయకూడదు, ఆ గోతితో ఇంకో ప్రమాదం తెచ్చుకున్నట్టు అవుతుంది. మొక్కగా ఉన్నప్పుడు తీసేయడమే మేలు.

ఇక అలుగు. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అది నిలవదు. రాతికట్ట కొంతసేపు ఓర్చుకుంటుంది, మట్టి ఓర్చుకోదు. కాబట్టి మట్టికట్టకు ప్రాణం అంతా అలుగులోనే ఉంది. దీనికి టకోవా కంటే ఇంకో కట్ట బాగా సాక్ష్యం చెబుతుంది. హవాయి దీవుల్లో కవాయి అనే దీవి మీద కా లోకో అనే చెరువు ఉంది. చెరకు తోటలవాళ్లు 1890 ప్రాంతంలో వేసిన మట్టికట్ట అది, తరువాత ప్రైవేటు భూమిలో ఉంది. వారాల తరబడి కురిసిన వానల తరువాత 2006 మార్చి 14న తెల్లవారకముందే తెగి ఏడుగురి ప్రాణాలు తీసింది. అలుగు ఉండవలసిన చోట పూడ్చేసి ఉందని దర్యాప్తులో తేలింది. హవాయిలో ఆనకట్టల భద్రతకు 1987 నుంచే చట్టం ఉంది. అయినా ఆ కట్టను ప్రభుత్వం తరఫున ఎవరూ తనిఖీ చేయలేదు. అది తక్కువ ప్రమాదం ఉన్న కట్ట అని జాబితాలో రాసి ఉంది. మన దగ్గర అలుగును పూడ్చేవాళ్లు లేరా? చేపలు పోకుండా అలుగుకు అడ్డంగా వలలు, ముళ్లకంప కట్టడం, ఇంకో తడి నీళ్లు నిలుస్తాయని అలుగు మీద ఇసుక బస్తాలు వేయడం ప్రతి వానాకాలం చూస్తూనే ఉన్నాం.

మట్టి అంటేనే బలహీనం అని దీన్నుంచి అనుకోకూడదు. ములుగు, వరంగల్ వైపు మన అడవుల్లో ఉన్న రామప్ప, లక్నవరం, పాకాల చెరువులు కాకతీయుల కాలం నాటివి. ఆ కట్టలు మట్టివే. కొండల మధ్య చోటు చూసి వేసిన వెడల్పాటి కట్ట, రాతి తాపడం, సరైన అలుగు వాటిని నిలబెట్టాయి. ఇంకొకటి కూడా ఉంది. చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, వానాకాలం రాత్రి కట్ట మీద నడవడం అతని పని. పంటలో అతనికి వాటా ఉండేది. టకోవా కట్టకు 1957 తరువాత నీరటి లేడు. మన ఊళ్లలో చాలా కుంటలకు ఇప్పుడు లేడు.

జార్జియాలో 39 మంది పోయాక చట్టాలు కదిలాయి. అమెరికా పార్లమెంటు 1972లోనే ప్రైవేటు, రాష్ట్ర కట్టలను తనిఖీ చేయడానికి చట్టం చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ దగ్గర బొగ్గు కంపెనీ వేసిన కట్ట తెగి 125 మంది చనిపోవడం దానికి ఒక కారణం. చట్టం చేశారు గానీ తనిఖీకి డబ్బు ఇవ్వలేదు. అయిదేళ్లు అది కాగితం మీదే ఉంది. 1977లో అధ్యక్షుడుగా ఉన్న జిమ్మీ కార్టర్‌ది జార్జియా రాష్ట్రమే. ప్రమాదం జరిగాక ఆయన భార్య రోజలిన్ స్వయంగా అక్కడికి వెళ్లింది. తరువాత కార్టర్ సైనిక ఇంజనీర్లకు ఆదేశం ఇచ్చారు. 1978 నుంచి 1981 వరకు దేశమంతా సుమారు 8,800 కట్టలు చూశారు. అందులో దాదాపు మూడో వంతు సురక్షితం కానివని తేలింది. చూడటం మొదలుపెట్టాక గానీ ఆ సంఖ్య ఎవరికీ తెలియలేదు. జార్జియా రాష్ట్రం 1978లో సొంత చట్టం చేసుకుంది. 25 అడుగుల ఎత్తు గానీ, నూరు ఎకరాల మీద అడుగు లోతు నీళ్లు గానీ దాటిన కట్టలు దాని పరిధిలోకి వస్తాయి. తెగితే దిగువన మనుషులు చనిపోతారా అనే దాన్నిబట్టి వాటిని విడదీస్తారు. కట్ట మారకపోయినా దిగువన కొత్త ఇళ్లు వస్తే దాని తరగతి మారుతుంది.

మన దేశంలో 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. మంచి చట్టమే, చాలా ఆలస్యంగా వచ్చింది. అది 15 మీటర్ల కంటే ఎత్తైన కట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే, పొడవు 500 మీటర్లు, నీళ్లు పది లక్షల ఘనపు మీటర్లు, వరద సెకనుకు 2,000 ఘనపు మీటర్లు, వీటిలో ఒకదాన్నైనా అందుకోవాలి. లేదా పునాది ప్రత్యేకంగా కష్టమైనదో, కట్టుబడి మామూలుది కానిదో అయి ఉండాలి. ఈ కొలబద్ద టకోవా కట్టకు పెట్టి చూద్దాం. ఎత్తు సుమారు 12 మీటర్లు. పొడవు సుమారు 120 మీటర్లు. నీళ్లు ఎనిమిది లక్షల ఘనపు మీటర్ల లోపు. తెగిన రాత్రి ప్రవాహం కూడా సెకనుకు 700 ఘనపు మీటర్లు దాటలేదు. అంకెల్లో ఒక్కటీ సరిపోదు. కింద ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న ఆ అంకెల్లో లేదు. 39 మందిని చంపిన కట్టను ఆ కొలతలు పట్టుకోలేవు. పెద్ద కట్టల కోసం చేసిన చట్టం అది, అంతవరకు దాన్ని తప్పుపట్టలేం. కానీ మన ఏజెన్సీ మండలాల్లో ఉన్న కుంటలు, చెక్‌డ్యాములు, పట్టా భూముల్లో సొంతంగా వేసుకున్న చేపల చెరువులు దాదాపు అన్నీ ఈ గీతకు కింద ఉన్నవే.

ప్రభుత్వానివైనంత మాత్రాన భద్రంగా ఉంటాయనీ లేదు. 2024 జులైలో అశ్వారావుపేట మండలంలోని పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడింది. గేట్లు సరిగా పనిచేయలేదని పత్రికలు రాశాయి. నీళ్లు రాష్ట్రం సరిహద్దు దాటి వేలేరుపాడు మండలంలోని మన ఊళ్ల మీదికి పోయాయి. పొలాలమీద ఇసుక మేటలు వేసింది.

చట్టం చూడని చోట చూసే అధికారం మనకు అసలు లేదా అంటే ఉంది. 1996 నాటి పెసా చట్టం 4వ సెక్షన్‌లో 'జె' అనే అంశం, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని చెబుతుంది. ఆ మాటను మనం ఎక్కువగా చేపల వేలం దగ్గర, నీటి వాటా దగ్గర వాడుతున్నాం. కట్ట భద్రత కూడా నిర్వహణే. గ్రామసభలో తీర్మానం చేసి, ఊరికి ఎగువన ఉన్న ప్రతి కట్టకూ, సొంతదైనా సర్కారుదైనా, ఒక పేజీ తెరవవచ్చు. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఎత్తు ఎంత, అలుగు వెడల్పు ఎంత, తూము తెరుచుకుంటుందా, చెమ్మ ఎక్కడ ఉంది, పోయిన ఏడాది ఎక్కడ ఉంది. పదో తరగతి పిల్లలు టేపు పట్టుకుని కొలవగలరు, ముసలివాళ్లు ఏ సంవత్సరంలో గండి పడిందో చెప్పగలరు. సొంత కుంట ఉన్న మనిషి మొదట కోపగించుకుంటాడు, తన కుంటను ఎవరో లాక్కుంటున్నారని. టకోవాలో చనిపోయినవాళ్లు కట్ట యజమాని సంస్థవాళ్లేనని అతనికి చెప్పాలి.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మనకు ఇంకో పని ఉంది. మన బడులు చాలా వాటికి చదునైన చోటు కావాలని వాగు పక్కనే స్థలం ఇచ్చారు. రాత్రి రెండు, మూడు వందల మంది పిల్లలు అక్కడే పడుకుంటారు. వాగు వెంట ఎగువకు నడుచుకుంటూ పోతే మొదటి కట్ట ఎంత దూరంలో ఉంది, ఆ కట్ట దగ్గర ఉండే మనిషి ఫోను నంబరు వార్డెను దగ్గర ఉందా, అర్ధరాత్రి గంట కొడితే పిల్లలు ఏ వైపు మెట్ట ఎక్కాలి అన్నది జూన్‌లో బడి తెరిచిన వారంలోనే చూసుకోవచ్చు. అది ఒక ఆదివారం పని.

కెల్లీ బార్న్స్ కట్టను మళ్లీ కట్టలేదు. టకోవా వాగు ఇప్పుడు అడ్డం లేకుండా జలపాతం దాకా వచ్చి కిందికి దూకుతోంది. కళాశాల అక్కడే నడుస్తోంది.